స్నానాల గది అవతలి గోడ

పాత రాజమహలునో జమీందారు బంగళానో హోటలుగా మార్చిన చోట బస చేయవలసి వచ్చినప్పుడు, పెట్టె కింద పెట్టగానే నేను చేసే మొదటి పని, స్నానాల గదికి ఆనుకుని ఉన్న పడకగది గోడను అరచేత్తో తడిమి చూడడం. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు ఆ గోడ పొడిగా, గట్టిగా, రంగు చెదరకుండా ఉంటే ఆ భవనాన్ని బాగుచేసిన వారి మీద నాకు గౌరవం కలుగుతుంది. చెమ్మ తగిలినా, రంగు పొక్కులు లేచి వాటి కింద తెల్లని ఉప్పు పొడి రాలినా, ఆ హోటలు స్వాగతశాలలో ఎంత గొప్ప షాండ్లియర్ వేలాడుతున్నా నా మనసు స్థిమితపడదు. పాత భవనాల లోపలి గదులను, ముఖ్యంగా స్నానాల గదులను, ఈ కాలపు వాడకానికి అనువుగా తీర్చిదిద్దడం నా వృత్తి కాబట్టి ఈ అలవాటు వచ్చింది.

చరిత్ర ఉన్న కట్టడాన్ని విలాసవంతమైన హోటలుగా మార్చేటప్పుడు అందరి దృష్టీ దర్బారు హాలు మీద, మెట్ల మీద, భోజనశాల మీద ఉంటుంది. నిజానికి వాటిని కాపాడడం కొంత సులువు. అవి ఏ పని కోసం కట్టబడ్డాయో ఇప్పటికీ దాదాపు ఆ పనికే వాడుతున్నాం. మనుషులు కూర్చుంటారు, మాట్లాడుకుంటారు, భోజనం చేస్తారు. స్నానాల గది విషయం అలా ఉండదు. నూట యాభై ఏళ్ళ నాటి పడకగది పక్కన, రోజుకు రెండు పూటలా వేడినీళ్ళు ధారగా పడే గదిని, మురుగు పోయే గొట్టాలతో సహా అమర్చడమంటే, ఆ భవనాన్ని కట్టినవారు కలలో కూడా తలపెట్టని పనిని దాని చేత చేయించడమే. పాతదనానికీ కొత్తదనానికీ పొత్తు కుదిరిందా లేదా అన్నది తేలేది అక్కడే.

మన పాత ఇళ్ళనే గుర్తు చేసుకుందాం. మండువా లోగిళ్ళలో నీళ్ళ పని అంతా పెరట్లోనే జరిగేది. బావి పక్కన బండలు పరచిన చోటు, చుట్టూ తడికో పొట్టి గోడో, పొయ్యి మీద రాగి కాగులో మరిగే నీళ్ళు, జలదారి గుండా అరటి పాదులోకి పోయే వాడకం నీళ్ళు. మా అమ్మమ్మగారి ఇంట్లో పడకగది నుంచి స్నానాల చోటుకు వెళ్ళాలంటే వంటిల్లు దాటి, వసారా దాటి, ఆరుబయట కొంత దూరం నడవవలసి వచ్చేది. ఆ దూరం ఆచారం కోసమేనని చిన్నప్పుడు అనుకునేదాన్ని. ఈ పనిలోకి వచ్చిన తరువాతే తెలిసింది, మట్టితోను సున్నంతోను కట్టిన గోడలకు, టేకు దూలాలకు ఆ దూరమే రక్షణ అని. హోటలు గదిలో మంచానికి పది అడుగుల లోపు షవర్ పెట్టినప్పుడు మనం చెరిపివేస్తున్నది ఆ దూరాన్నే. దాని బదులు మరో రక్షణ ఏర్పాటు చేయకపోతే భవనం ఆ అప్పును వర్షాకాలంలో వసూలు చేసుకుంటుంది.

స్నానాల గదుల వల్ల ఒక భవనం తలరాతే మారిపోయిందనడానికి లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ హోటలు కన్నా మంచి సాక్ష్యం నాకు కనిపించలేదు. జార్జ్ గిల్బర్ట్ స్కాట్ రూపకల్పన చేసిన ఆ ఎర్ర ఇటుకల గోతిక్ భవనం 1873లో మిడ్‌లాండ్ గ్రాండ్ హోటల్ పేరుతో తెరుచుకుంది. సుమారు 300 గదులున్న ఆ హోటలులో స్నానాల గదులు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే ఉండేవి. తొట్లు, వేడినీళ్ళు, మూత్ర పాత్రలు మోయడానికి నౌకర్ల దండు ఉన్నంత కాలం అది లోటుగా అనిపించలేదు. తరువాత వచ్చిన హోటళ్ళు గది గదికీ స్నానాల గది ఇవ్వసాగాయి. ఇక్కడ నిప్పు అంటుకోకుండా ఉండాలని అంతస్తుల మధ్య వేసిన దళసరి నేలలను తొలిచి గొట్టాలు దించడం చాలా కష్టమైన, ఖర్చుతో కూడిన పని. చివరికి 1935లో హోటలు మూతపడింది. అంత గొప్ప మెట్లదారి, అన్ని చిత్రించిన గోడలు ఉండి కూడా అతిథికి తగిన స్నానాల గది ఇవ్వలేకపోవడం దాని పతనానికి ఒక కారణమైంది. 1960లలో కూల్చివేత ముప్పు కూడా వచ్చింది. 1967లో అత్యున్నత శ్రేణి రక్షిత కట్టడంగా నమోదు కావడంతో ఆ ముప్పు తప్పింది. మళ్ళీ 2011లో విలాస హోటలుగా తెరిచినప్పుడు, ఎక్కువ గదులను పక్కనే కొత్తగా కట్టిన భాగంలో పెట్టి, పాత భవనంలో కొన్ని సూట్‌లను మాత్రమే ఏర్పాటు చేశారు. ఈ నిర్ణయంలోని వివేకాన్ని నేను చాలా గౌరవిస్తాను. పాత గోడ ఎంత నీటిని భరించగలదో ముందు కొలిచి, మిగిలినదాన్ని కొత్త గోడకు అప్పగించడం అది.

మన హైదరాబాదులోని ఫలక్‌నుమాలోనూ ఇలాంటి విభజనే కనిపిస్తుంది. పాయ్‌గా వంశీయుడు, హైదరాబాదు రాజ్యానికి ప్రధానమంత్రిగా పనిచేసిన వికార్ ఉల్ ఉమ్రా 1884లో దానికి పునాది వేశారు. విలియం వార్డ్ మారెట్ రూపకల్పన చేశారు. పూర్తికావడానికి దాదాపు తొమ్మిదేళ్ళు పట్టింది. ఆ తరువాత కొద్ది కాలానికే అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. చాలా ఏళ్ళు మూతపడి ఉన్న ఆ మహలును 2000లో తాజ్ సంస్థ లీజుకు తీసుకుంది. నిజాం కుటుంబానికి చెందిన యువరాణి ఎస్రా పర్యవేక్షణలో పదేళ్ళు బాగుచేశాక 2010 నవంబరులో అది హోటలుగా తెరుచుకుంది. పదేళ్ళంటే, ఆ మహలును కట్టడానికి పట్టిన కాలం కన్నా ఎక్కువ. హోటలు వ్యాపారంలో అంత ఓపిక అరుదు. 101 మంది ఒకే బల్ల ముందు కూర్చుని భోంచేసే హాలు, చెక్కిన వాల్‌నట్ కర్ర పైకప్పు ఉన్న గ్రంథాలయం, ముందు భాగంలోని పాలరాతి మెట్లు, ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టుగా చూడడానికీ విందులకూ మిగిలాయి. అతిథులు నిద్రపోయే గదులు ఎక్కువగా వెనుక వైపు, పూర్వం జనానాగా, అంటే అంతఃపురంగా ఉన్న భాగంలో అమరాయి. కొండ మీద గాలికి ఎదురుగా నిలబడ్డ ముందు మహలు కొలువుకు, వెనుక ఉన్న జనానా కాపురానికి అన్నట్టుగానే మొదటి నుంచీ దాని స్వభావం ఉంది. కొత్త అవసరాలను ఆ స్వభావానికి ఎదురు తిప్పకుండా సర్దారు.

జోధ్‌పుర్‌లోని ఉమేద్ భవన్ నాకు మరో పాఠం నేర్పింది. కరువు రోజుల్లో ప్రజలకు పని కల్పించే ఉద్దేశంతో 1929లో మొదలుపెట్టి 1943లో పూర్తిచేసిన ఆ మహలును హెన్రీ వాన్ లాంచెస్టర్ రూపొందించారు. లండన్ నుంచి రావలసిన సామాను యుద్ధకాలంలో ఓడతో పాటు సముద్రం పాలైంది. లోపలి అలంకరణ భారాన్ని స్టెఫాన్ నార్‌బ్లిన్ అనే పోలండు చిత్రకారుడు తలకెత్తుకున్నాడు. అక్కడి మహారాణి సూట్‌లో గులాబీ రంగు పాలరాతి స్నానపు తొట్టి ఒకటి ఉంది. ఒకే రాతిలో తొలిచినది. అది పెట్టిన నాడు సరికొత్త ఫ్యాషన్, నేడు వారసత్వ సంపద. కొత్త తొట్టి కోసం అలాంటి పాత తొట్టిని పగలగొట్టించే యజమానులను నేను చూశాను. దేశంలో చాలా బంగళాల్లో 1930లు, 40ల నాటి స్నానాల గదులు, వాటి మొజాయిక్ నేలలు, ఇనుప తొట్లు, బరువైన ఇత్తడి కుళాయిలు పాత సామాను కొట్లకు చేరిపోతున్నాయి. దర్బారు హాలు మాత్రమే చరిత్ర అనుకోవడం వల్ల వచ్చిన అనర్థం ఇది. తొట్టి అడుగున ఎనామిల్ పోతే మళ్ళీ పూత పూయించవచ్చు, కుళాయి లోపలి వాషర్లు మార్చవచ్చు. ఆ పనివాళ్ళు ఇంకా ఉన్నారు.

ఇక పని జరిగే చోటుకు వస్తాను. పాత గదిలో కమోడ్ ఎక్కడ పెట్టాలన్నది డిజైనరు ఇష్టం మీద ఆధారపడి ఉంటుందని చాలామంది అనుకుంటారు. అక్కడ చివరి మాట వాటానిది, అంటే నీరు జారే వాలుది. మురుగు గొట్టం సాధారణంగా నాలుగు అంగుళాల వ్యాసంతో ఉంటుంది, అది ప్రతి 40 సెంటీమీటర్ల పొడవుకు ఒక సెంటీమీటరు చొప్పున దిగాలి. బయటి గోడకు నాలుగు మీటర్ల దూరంలో కమోడ్ పెడితే గొట్టం పది సెంటీమీటర్లు దిగుతుంది. గొట్టం మందం, కింద పరుపు, పైన నేల అన్నీ కలిపితే నేల మట్టం దాదాపు అడుగు లేస్తుంది. కొత్త అపార్టుమెంట్లలో స్లాబును అక్కడికక్కడ కిందికి దింపి పోస్తారు. దంతెల మీద, అంటే దగ్గర దగ్గరగా పరచిన సన్నని కర్ర దూలాల మీద, ఇటుకలు పేర్చి సున్నంతో కప్పిన మద్రాసు మిద్దెను ఎవరూ అలా దింపలేరు, దంతెను కోయనూ కూడదు. అందుకని స్నానాల గదిని బయటి గోడ పక్కకు జరపాలి, లేదా రెండు మెట్లు ఎక్కి వెళ్ళేలా నేలను లేపాలి. ఆ రెండు మెట్లను లోపంగా చూసి దాచాలని తంటాలు పడేకన్నా, మంచి రాతితో వెడల్పుగా కట్టి, పాత గదిలో నుంచి కొత్త గదిలోకి అడుగు పెడుతున్నామని తెలిసేలా చేయడం నాకు ఇష్టం.

బరువు సంగతీ అంతే. మామూలు స్నానపు తొట్టిలో 200 లీటర్ల నీళ్ళు పడతాయనుకుంటే, నీళ్ళే 200 కిలోలు. పోత ఇనుము తొట్టి అయితే దాని బరువే 100 కిలోలు దాటుతుంది. మనిషి దిగాక ఆ భారమంతా నాలుగు చిన్న కాళ్ళ మీద, అంటే నాలుగు చోట్ల, నేలకు గుచ్చుకున్నట్టు పడుతుంది. కిటికీ పక్కన, గది నడిమధ్య, కాళ్ళ తొట్టి ఉన్న ఫోటోలు తీసుకొచ్చి అలాగే కావాలని అడిగే యజమానులకు నేను ముందు కింది గదిలోకి తీసుకెళ్ళి పైకప్పు దూలం చూపిస్తాను. గోడలో దిగబడిన ఆ దూలం కొన దగ్గర కర్ర గట్టిగా ఉందా, చివికిందా అని సన్నని ములికితో గుచ్చి చూస్తే జవాబు అక్కడే దొరుకుతుంది.

ఈ విషయాలు నాకు మొదటి నుంచీ తెలిసినవని చెప్పుకోలేను. పదేళ్ళ కిందట గోదావరి ఒడ్డున ఒక పాత జమీందారు బంగళాను చిన్న హోటలుగా మార్చే పని నాకు వచ్చింది. దసరాకు తెరవాలన్న తొందర యజమానిది. స్నానాల గది లోపల పాత సున్నపు పూత గీకేసి, సిమెంటు పూసి, దాని మీద టైల్స్ అతికిస్తే నెల రోజుల్లో అయిపోతుందన్నారు గుత్తేదారు. నేను ఒప్పుకున్నాను. తొలి ఏడాది గడిచి వర్షాలు పట్టాక, టైల్స్ వైపు అంతా నిగనిగలాడుతూనే ఉంది గానీ, అవతల పడకగదిలో మంచం తలాపున గోడ పెచ్చులూడడం మొదలైంది. మళ్ళీ మళ్ళీ రంగు వేయించాం. మళ్ళీ మళ్ళీ ఊడింది. వేలితో గీస్తే తెల్లని సన్నని పొడి, గోరు సందుల్లో ఇరుక్కునేంత మెత్తగా రాలేది. నాలుకకు తాకిస్తే ఉప్పగా ఉండేది.

చివరికి దగ్గరి ఊరి నుంచి ఒక ముసలి తాపీ మేస్త్రిని పిలిపించారు. ఆయన గోడ మీద చెంబుడు నీళ్ళు చల్లి, ఎక్కడ పీల్చుకుంటోందో, ఎక్కడ జారిపోతోందో చాలాసేపు చూశారు. "ఇటేపు సిమెంటు కొట్టేశారు కదమ్మా, నీళ్ళకి దారి లేక అటేపు ఎళ్ళిపోయాయి. దారి చూపించాలి గానీ అడ్డు పెడితే ఆగుతాయా?" అన్నారు. అంతకు మించి విమర్శ ఏమీ చేయలేదు. సున్నంతో కట్టిన గోడ చెమ్మను పీల్చుకుంటుంది, ఎండ కాసినప్పుడు రెండు వైపులా వదిలేస్తుంది. ఒక వైపు సిమెంటుతో బిగించేస్తే టైల్స్ సందుల్లో నుంచి దిగిన నీరు, నేల నుంచి ఎక్కిన చెమ్మ, రెండూ ఉన్న ఒక్క దారినే, అంటే పడకగది వైపే, బయటికి వస్తాయి. వస్తూ ఇటుకలోని లవణాలను కరిగించి తెస్తాయి. గోడ పైపొర దగ్గర నీరు ఆవిరైపోయి ఉప్పు స్ఫటికాలుగా పెరుగుతుంది, పెరిగి పూతను లోపలి నుంచి నెట్టేస్తుంది. మేము వేయించిన ప్లాస్టిక్ రంగు ఆ ఒక్క దారినీ మూసేయడానికి చూసింది, అంతే.

ఆ గదిని మూసి, టైల్స్ తీయించి, సిమెంటును ఉలితో కొంచెం కొంచెంగా చెక్కించాం. గోడను వేసవి అంతా పూత లేకుండా ఉత్త ఇటుకతో అలాగే వదిలేశాం. తడిపిన కాగితపు గుజ్జును మందంగా పట్టు వేసి, ఎండాక ఊడదీస్తే ఉప్పు దానితో పాటే వచ్చేస్తుంది. అలా నాలుగు విడతలు చేశాం. తరువాత గానుగ సున్నం. సున్నాన్నీ ఇసుకనూ గానుగలో నూరి, కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి, పలుచని పొరలుగా, ఒక పొర ఆరాకే మరో పొర పూశారు. చివరి పొరను మేస్త్రి నున్నని రాయితో గంటల తరబడి రుద్దుతుంటే గోడ మీద నెమ్మదిగా మెరుపు రావడం నేను పక్కన నిలబడి చూశాను. ఆ మెరుపు టైల్స్ మెరుపు లాంటిది కాదు. వెలుతురు దాని మీద పడి జారిపోకుండా కాస్త లోపలికి ఇంకినట్టు ఉంటుంది.

అప్పటి నుంచి నేను అనుసరిస్తున్న పద్ధతి, గదిలో గది. పాత పడకగదుల కప్పు పదిహేను, పద్దెనిమిది అడుగుల ఎత్తులో ఉంటుంది. ఆ గదిలోనే ఒక మూల, పాత గోడకు జానెడు ఎడంగా, ఎనిమిది అడుగుల ఎత్తున కొత్త స్నానాల గదిని ఒక పెట్టెలా నిలబెడతాం. దాని గోడలు దానివే, నేల దానిదే, పైకప్పు దానిదే. పాత గోడ పైఅంచున ఉన్న గచ్చు లతలు, కమాను వంపు ఆ పెట్టె మీదుగా పూర్తిగా కనిపిస్తూ ఉంటాయి. నీళ్ళ గొట్టాలు, కరెంటు తీగలు, గోడకు వేలాడే కమోడ్ వెనుక దాగే ఫ్లష్ ట్యాంకు, అన్నీ ఆ జానెడు ఎడంలోనే సర్దుకుంటాయి. పాత గోడకు ఒక్క గాడి కూడా కొట్టనక్కరలేదు. ఆవిరిని పీల్చే ఫ్యాన్ గొట్టం పాత వెంటిలేటరు గుండా బయటికి పోతుంది. చారిత్రక కట్టడాలను సమాజానికి పనికొచ్చే ఉపయోగంలో ఉంచడం మంచిదే కానీ ఆ ఉపయోగం కోసం వాటి అమరికనూ అలంకారాన్నీ మార్చకూడదని 1964 నాటి వెనిస్ ఒడంబడిక చెబుతుంది. రేపు ఎవరికైనా స్నానాల గది వద్దనిపిస్తే నాలుగు రోజుల్లో ఆ పెట్టెను విప్పి తీసేయవచ్చు, గది మళ్ళీ మొదట ఉన్నట్టే మిగులుతుంది.

ఆ పెట్టె ఎలా కనిపించాలన్న దాని మీద యజమానులతో నాకు తరచు వాదన జరుగుతుంది. రాజమహలు కదా అని బంగారు పూత కుళాయిలు, సింహం కాళ్ళ తొట్లు, పాతదాన్ని అనుకరించే నగిషీలు అడుగుతారు. నేను ఒప్పుకోను. వందేళ్ళ కిందటి శిల్పి చేతి పనికి పక్కన అచ్చులో పోసిన నకలు పెడితే, చూసేవాళ్ళకు రెండింటి మీదా అనుమానం వస్తుంది. అసలుది కూడా నకలేమో అనిపిస్తుంది. కొత్తది కొత్తదిగానే, పొదుపైన గీతలతో, తక్కువ గొంతుతో ఉండాలి. సామగ్రి మాత్రం ఆ నేలదై ఉంటే పొత్తు సహజంగా కుదురుతుంది. తాండూరు బండ, బేతంచర్ల రాయి, నల్లని కడప బండ, ఇవి ఏ ఇటలీ పాలరాతికీ తీసిపోవు. కడప బండను నున్నగా సానపట్టకుండా చేతి ఉలితో గరుకుగా వదిలితే తడి కాలు జారదు. ఇవన్నీ సున్నపు రాళ్ళ జాతివి కనుక, పాలరాయి లాగే వీటికి కూడా యాసిడ్ తగలకూడదు. గదులు శుభ్రం చేసే అమ్మాయిలకు ఈ సంగతి చెప్పకుండా తాళాలు అప్పగిస్తే, ఆరు నెలల్లో రాయి మెరుపు చచ్చిపోతుంది. వాళ్ళకు కూర్చోబెట్టి చూపించడాన్ని నేను డిజైనులో భాగంగానే లెక్కిస్తాను.

గోదావరి ఒడ్డున ఉన్న ఆ బంగళాలో ఇప్పుడు మూడు గదుల్లో అలాంటి పెట్టెలు ఉన్నాయి. టేకు చట్రం, పైన గీరుగాజు, లోపల కడప బండ. ఒక పక్క పలకకు చిన్న తలుపు పెట్టించాను, అది తెరిస్తే ఎడంలోని గొట్టాలన్నీ కనిపిస్తాయి. ఏ గొట్టం ఎటు పోతుందో, ఏ వాల్వు దేనిదో గీసిన పటాన్ని ఆ తలుపు లోపలి వైపు అతికించి, మేస్త్రి చేత కింద తేదీ వేయించాను. మొన్న శ్రావణంలో వారం రోజులు ముసురు పట్టినప్పుడు అక్కడికి వెళ్ళాను. తలుపు తెరిచి టార్చిలైటు వేసి చూస్తే, ఎడంలో ఒక గొట్టం అతుకు దగ్గర చిన్న నీటి చుక్క వేలాడుతూ ఉంది. ప్లంబరు వచ్చి అతుకు బిగించడానికి పది నిమిషాలు పట్టింది. అవతలికి వెళ్ళి మంచం తలాపున గోడ మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా, పొడిగా ఉంది.